పర్లాకిమిడిలో 9.81 రాదు: బలం, త్వరణం, వాటి ప్రమాణాలు

అమ్మా, నీ ప్రశ్నలో మూడు ప్రశ్నలు ఉన్నాయి. కాశీనగరం సంతలో చింతపండును కిలోల్లో తూస్తుంటే పుస్తకం మాత్రం బరువును న్యూటన్లలో రాయమంటుంది, ఎందుకు? త్వరణం ప్రమాణంలో సెకను మీద వర్గం ఎందుకు, వర్గ సెకను అనేది ఎక్కడైనా ఉంటుందా? లోలకం ప్రయోగంలో మీటరు పొడవు దారానికి 20 డోలనాలకు (గుండు ఊగి తిరిగి రావడం ఒక డోలనం) 40.2 సెకన్లు పట్టి, గురుత్వ త్వరణం, అంటే కింద పడే వస్తువు వేగం పెరిగే రేటు, సెకనుకు సెకనుకు 9.77 మీటర్లు వచ్చింది, తోటివాళ్లు పుస్తకంలోని 9.81గా దిద్దేయమంటున్నారు, దిద్దాలా?

ఒడిశాలోని ఈ గజపతి జిల్లాలోనే ముప్పై ఏళ్లకు పైగా భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఏటా ఆ మూడో ప్రశ్న నా దగ్గరికి వచ్చేది. దాని జవాబు ముందే చెప్పేస్తాను: దిద్దకు, 9.77 అనే రాయి. ఎందుకో తెలియాలంటే మిగతా రెండు ప్రశ్నల మీదుగా రావాలి.

వర్గ సెకను అనే వస్తువు ఎక్కడా లేదు. అది రాతలో పొదుపు కోసం వచ్చిన గుర్తు. ప్లస్ టూలో చేరిన పిల్లలు చాలామంది దాన్ని ఒక వస్తువుగా ఊహించుకుని భయపడతారు. పర్లాకిమిడి నుంచి బరంపురం వెళ్లే బస్సు ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నావనుకో. బస్సు స్టాండు దాటాక 20 సెకన్లలో స్పీడోమీటరు ముల్లు సున్నా నుంచి 36కు చేరింది. ఒక్కో సెకనుకు ముల్లు ఎంత కదిలింది? 1.8 గీతలు. అంటే వేగం సెకనుకు, 'గంటకు 1.8 కిలోమీటర్లు' చొప్పున పెరిగింది. ఇందులో కాలం రెండుసార్లు వచ్చింది చూశావా? గంట వేగానిది, సెకను ఆ వేగం మారడానిది. అవి రెండు వేర్వేరు కాలాలు కాబట్టి వర్గం కనిపించలేదు. ఇప్పుడు గంటకు 36 కిలోమీటర్లను సెకనుకు 10 మీటర్లుగా మార్చు. 20 సెకన్లలో 10 పెరిగింది కాబట్టి సెకనుకు, 'సెకనుకు 0.5 మీటరు' చొప్పున పెరిగినట్టు. రెండుచోట్లా సెకనే వచ్చింది కాబట్టి దాన్ని సెకను వర్గం అని కుదించి రాస్తున్నాం. అంతకు మించి అందులో మర్మం లేదు. త్వరణం ప్రమాణాన్ని చదివేటప్పుడు 'సెకనుకు సెకనుకు ఇన్ని మీటర్లు' అని నోరారా రెండుసార్లు చదువు. నా విద్యార్థులందరి చేతా అలాగే చదివించాను.

అదే బస్సులో ఇంకొక పని చేయి. ఇంటి తాళంచెవిని ఒక దారానికి కట్టి కిటికీ ఊచకు వేలాడదీయి. బస్సు ఒకే వేగంతో తిన్నగా పోతున్నంతసేపూ దారం నిలువుగానే ఉంటుంది, గంటకు 20 అయినా 60 అయినా. డ్రైవరు బ్రేకు వేయగానే తాళంచెవి ముందుకు వంగుతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగం నుంచి 4 సెకన్లలో ఆగితే త్వరణం సెకనుకు సెకనుకు 2.5 మీటర్లు, దారం నిలువుగీత నుంచి సుమారు 14 డిగ్రీలు వాలుతుంది. ఆ కోణపు టాంజెంటును గురుత్వ త్వరణంతో గుణిస్తే బస్సు త్వరణం వస్తుంది. వేగాన్ని ఆ దారం ఏమాత్రం పట్టించుకోదు, వేగంలోని మార్పునే పట్టించుకుంటుంది. బలం కూడా అంతే. ఆ సంగతిని గతి నియమంగా చెప్పినవాడు న్యూటన్. ఒక వస్తువు కదులుతూ ఉండడానికి బలం అక్కరలేదు, దాని వేగం మారడానికే బలం కావాలి.

ఇప్పుడు బలం ప్రమాణం సంగతి. న్యూటన్ రెండో నియమం చెప్పేది, బలం అనేది ద్రవ్యరాశి, త్వరణాల లబ్ధానికి అనుపాతంలో ఉంటుందని. అనుపాతం అన్నామంటే మధ్యలో ఒక స్థిరాంకం ఉంటుంది. ఆ స్థిరాంకం ఎంత అన్నది ప్రకృతి చెప్పదు. మనం బలాన్ని దేనితో కొలవాలని నిర్ణయించుకున్నామో దాన్ని బట్టి అది వస్తుంది. చాలా పుస్తకాలు ఈ చోటు దగ్గర ఒక్క వాక్యంతో దాటిపోతాయి. నా దృష్టిలో ఈ పాఠమంతటికీ ఆయువుపట్టు ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

ఒక దారి ఏమిటంటే, కిలో రాయిని భూమి ఎంత బలంతో లాగుతుందో దాన్నే బలానికి ప్రమాణంగా పెట్టుకోవడం. అదే కిలోగ్రాము భారం. వాడకానికి ఎంతో హాయిగా ఉంటుంది, 50 కిలోల బస్తా బరువు 50 కిలోగ్రాముల భారం. కానీ బస్తాను తోసి కదిలించాలనుకున్న క్షణంలో ఇబ్బంది మొదలవుతుంది. సూత్రంలో స్థిరాంకం 1 కాకుండా పోతుంది, ప్రతి లెక్కలోనూ 9.80665తో భాగించాలి. పైగా ఆ సంఖ్య భూమికి సంబంధించినది. చంద్రుడి మీద బండిని తోసే లెక్కలో కూడా భూమి ఆకర్షణను మోసుకుపోవాలి.

రెండో దారి, స్థిరాంకాన్ని 1 చేసేయడం. ఒక కిలో ద్రవ్యరాశికి, సెకనుకు సెకనుకు ఒక మీటరు త్వరణం ఇచ్చే బలాన్నే ఒకటి అనుకోవడం. అదే న్యూటన్. ఇందులో భూమి లేదు, సంత లేదు, తూకం లేదు. ద్రవ్యరాశి, పొడవు, కాలం మాత్రమే ఉన్నాయి. బలం = ద్రవ్యరాశి × త్వరణం అని మనం అంత తేలిగ్గా రాయగలుగుతున్నామంటే కారణం ప్రమాణాన్ని ఆ విధంగా ఎంచుకోవడమే. న్యూటన్ అనే ప్రమాణం ఆ నియమాన్నే కొలతగా మార్చి పెట్టుకున్న రూపం. ఐజాక్ న్యూటన్ 1727లో చనిపోయాడు, ఆయన పేరును ఈ ప్రమాణానికి తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ పెట్టింది 1948లో. తన పేరుతో ఒక ప్రమాణం వస్తుందని ఆయనకు తెలియదు.

ఒక న్యూటన్ ఎంతుంటుందో చేతికి తెలియాలి. 102 గ్రాముల బరువున్న చిన్న జామకాయను అరచేతిలో పెట్టుకో, అది చేతిని నొక్కే బలం ఒక న్యూటన్. నువ్వు 50 కిలోలుంటే నేల నిన్ను మోస్తున్న బలం సుమారు 490 న్యూటన్లు. ఇందాకటి బస్సు బ్రేకు వేసినప్పుడు నిన్ను ఆపడానికి కావలసినది 50 × 2.5, అంటే 125 న్యూటన్లు. ఆ బలాన్ని సీటూ, ముందున్న ఊచను పట్టుకున్న నీ చేతులూ ఇస్తాయి.

ఇంకొక లెక్క చెబుతాను, ఇది మన తీరప్రాంతపు పిల్లలందరికీ తెలియాలి. 20 మీటర్ల కొబ్బరిచెట్టు నుంచి ఒకటిన్నర కిలోల కాయ జారిందనుకో. నేలను చేరడానికి దానికి 2 సెకన్లు పడుతుంది, అప్పటికి దాని వేగం సెకనుకు దాదాపు 20 మీటర్లు, అంటే గంటకు 71 కిలోమీటర్లు. కాయ బరువు 15 న్యూటన్లే. కానీ అది 5 సెంటీమీటర్ల లోపల ఆగిపోతే, ఆగేటప్పటి త్వరణం సెకనుకు సెకనుకు సుమారు 3900 మీటర్లు, బలం దాదాపు 5900 న్యూటన్లు. 600 కిలోల బరువు మీద పెట్టినట్టు. అదే కాయ మెత్తటి ఇసుకలో 20 సెంటీమీటర్లు దిగి ఆగితే బలం సుమారు నాలుగో వంతే. బరువు మారలేదు, ఆగిన దూరం మారింది. కొబ్బరిచెట్ల కింద మంచం వేసుకుని పడుకోవద్దని పెద్దవాళ్లు చెప్పేదాని వెనక ఉన్న లెక్క ఇది.

ఇక సంతలో కిలోలు, పుస్తకంలో న్యూటన్లు. రెండింట్లో ఏదీ తప్పు కాదు, అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. చింతపండు కొనేవాడికి కావలసింది సరుకు ఎంతుందని. అది ద్రవ్యరాశి, దానికి కిలోగ్రాము. భూమి ఆ సరుకును ఎంత బలంగా లాగుతోంది అన్నది భారం, దానికి న్యూటన్. వాడుకలో రెండింటికీ 'బరువు' అనే ఒక్క మాటే ఉండడం వల్ల చిక్కు వచ్చింది. నువ్వు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు చదివినదానివి కాబట్టి నీకు ఒక లాభం ఉంది. ఒడియా పాఠ్యపుస్తకం ద్రవ్యరాశిని బస్తుత్వ అనీ, భారాన్ని ఓజన అనీ విడివిడిగా చెబుతుంది. బలం, త్వరణం రెండు భాషల్లోనూ ఒకే మాటలు. మూడు భాషల మాటలూ ఒక పేజీలో పక్కపక్కన రాసుకో. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు మన పర్లాకిమిడి. ఆయన తెలుగు వాడుక భాష కోసం పోరాడారు, సవర భాషను నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చారు. తెలిసిన మాటలో చెబితేనే విషయం తలకెక్కుతుందన్నది ఇక్కడ కొత్త సంగతి కాదు.

సంతలో రెండు రకాల కాటాలు కనిపిస్తాయి, జాగ్రత్తగా చూడు. రెండు పళ్లేల త్రాసు ఒక పళ్లెంలో సరుకును, ఇంకో పళ్లెంలో రాయిని పెట్టి పోలుస్తుంది. భూమి రెండింటినీ ఒకేలా లాగుతుంది కాబట్టి ఆ లాగుడు లెక్కలోకి రాదు. ఆ త్రాసు పారిస్‌లోనైనా, చంద్రుడి మీదైనా అదే జవాబు చెబుతుంది. కొక్కేనికి వేలాడదీసే స్ప్రింగు త్రాసు వేరు. అది కొలిచేది బలాన్ని, ముఖం మీద గీసిన అంకెలు మాత్రం కిలోలు. ఈ రోజుల్లో వచ్చిన ఎలక్ట్రానిక్ కాటా కూడా లోపల బలాన్నే కొలిచి, దాన్ని కిలోలుగా మార్చి చూపిస్తుంది. పారిస్‌లో సరిచేసిన అలాంటి కాటాను తెచ్చి, సరిచేయకుండా పర్లాకిమిడిలో 50 కిలోల బస్తా తూస్తే సుమారు 49.88 కిలోలు చూపిస్తుంది. సరుకులో గింజ తగ్గలేదు, మన దగ్గర భూమి లాగే బలం కొంచెం తక్కువ. అందుకే కాటాలను అవి వాడే చోటనే ప్రామాణిక రాళ్లతో సరిచూసి ముద్ర వేయాలి.

మిగతా ప్రమాణాల గురించి ఎక్కువ బెంగ పెట్టుకోకు. డైను సి.జి.ఎస్. (సెంటీమీటరు, గ్రాము, సెకను) పద్ధతిది, ఒక గ్రాముకు సెకనుకు సెకనుకు ఒక సెంటీమీటరు త్వరణం ఇచ్చే బలం. ఒక న్యూటన్‌లో లక్ష డైన్లు. పౌండల్ అదే పనిని పౌండు, అడుగులతో చేస్తుంది, 0.138 న్యూటన్. పౌండు భారం 4.448 న్యూటన్లు, ఇది ఇంకా బతికే ఉంది. సైకిలు షాపులో గాలి కొట్టే మీటరు మీది అంకెలు చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల భారం అని. మోటారు మెకానిక్కులు బోల్టు బిగింపును పాత కరదీపికల్లో కిలోగ్రాము-మీటర్లలో చూస్తారు, కొత్తవాటిలో న్యూటన్-మీటర్లలో. రెండింటి మధ్య దాదాపు పదిరెట్ల తేడా. ఒకదాన్ని ఇంకొకటిగా చదివితే బోల్టు తెగుతుంది లేదా చక్రం ఊడుతుంది, కాబట్టి అక్కడ మాత్రం అంకె పక్కనున్న ప్రమాణాన్ని తప్పక చదవాలి.

ప్రమాణం రాయని అంకెతో ఏమవుతుందో మన సరిహద్దు ఊళ్ల పాతతరానికి బాగా తెలుసు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. ఇక్కడి మణుగు ఎనిమిది వీశలు, సుమారు 11 కిలోలు. కలకత్తా వైపు వర్తకుడి మణుగు నలభై సేర్లు, సుమారు 37 కిలోలు. పేరు ఒకటే, సరుకు మూడు రెట్లకు పైగా తేడా. మా తాతగారు చింతపండు వ్యాపారం చేసేవారు. చీటీ మీద మణుగు అని రాసి ఊరుకోకుండా పక్కన ఎన్ని వీశలో కూడా రాసేవారట. ఆ వీశల అంకె రాసిన చీటీలు మా ఇంట్లో చాలాకాలం ఉన్నాయి. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి, ఆ తరువాతి కొద్ది ఏళ్లలో దేశమంతా కిలోకు మారింది. 1999లో అంగారకుడి దగ్గరికి నాసా పంపిన ఒక నౌక కూడా ఇదే కారణంతో పోయింది. ఇంజన్ల తోపును ఒక బృందం పౌండు-భార సెకన్లలో ఇచ్చింది, రెండో బృందం దాన్ని న్యూటన్-సెకన్లుగా చదివింది. తేడా 4.45 రెట్లు. నౌక అనుకున్నదానికంటే బాగా కిందికి దిగి అంగారకుడి వాతావరణంలో నాశనమైంది. మా తాతగారి చీటీలో ఉన్న జాగ్రత్త అక్కడ లోపించింది.

ఇప్పుడు నీ 9.77. పాఠ్యపుస్తకంలో 9.81 అని అచ్చు వేసినవాళ్లు అబద్ధం రాయలేదు. అది లండను, పారిస్ లాంటి చోట్ల వచ్చే విలువ. లండనులో 9.812, పారిస్ దగ్గర 9.809. లెక్కల కోసం అందరూ ఒప్పుకున్న 9.80665 అనే అంకె 1901లో అంతర్జాతీయ మహాసభ నిర్ణయించినది, అది సుమారు 45 డిగ్రీల అక్షాంశానికి సరిపోతుంది. భూమి పూర్తిగా గుండ్రంగా లేదు, మధ్యలో కాస్త ఉబ్బి ఉంది, పైగా తిరుగుతోంది. ఈ రెండింటి వల్ల భూమధ్యరేఖ దగ్గర త్వరణం తగ్గి 9.780 అవుతుంది, ధ్రువాల దగ్గర 9.832. మనం ఉన్నది భూమధ్యరేఖకు ఉత్తరాన 19 డిగ్రీలకు కొంచెం లోపు. ఆ అక్షాంశానికి, సముద్రమట్టం దగ్గర లెక్క కడితే 9.786 వస్తుంది. పర్లాకిమిడిలోనూ కాశీనగరంలోనూ రెండు దశాంశాలకు 9.79 అనుకో. 9.81 ఇక్కడ రాదు. వచ్చిందంటే కొలతలో పొరపాటు ఉన్నట్టు, లేదా వచ్చినదాన్ని ఎవరో దిద్దినట్టు.

మన జిల్లాలోనే 1500 మీటర్ల మహేంద్రగిరి ఉంది. అంత ఎత్తుకు వెళితే భూకేంద్రం నుంచి దూరం పెరిగి త్వరణం సెకనుకు సెకనుకు సుమారు 0.0046 మీటరు తగ్గాలి. కాళ్ల కింది కొండ తన వంతుగా లాగి అందులో కొంత తిరిగి ఇస్తుంది. ఇంత చిన్న తేడాలు కొలిచేవాళ్లకు మీటరు మరీ పెద్దది. వాళ్లు గెలీలియో పేరు మీద గాల్ అనే ప్రమాణం వాడతారు, సెకనుకు సెకనుకు ఒక సెంటీమీటరు. అందులో వెయ్యో వంతు మిల్లీగాల్. ఆ 0.0046 మీటరు అంటే 460 మిల్లీగాళ్లు. నేల లోపలి ఖనిజాలను వెతికేవాళ్లు ఒక్క మిల్లీగాల్ కంటే చిన్న తేడాలను కూడా పట్టుకుంటారు. నీ ఫోనులోనూ త్వరణాన్ని కొలిచే చిన్న పరికరం ఉంది. బల్ల మీద కదలకుండా పెట్టినా అది దాదాపు 9.8 చూపిస్తుంది, ఎందుకంటే అది కొలిచేది బల్ల తనను పైకి తోస్తున్న బలాన్ని. కానీ దాని సొంత పొరపాటు లండనుకూ మనకూ ఉన్న తేడాను మించి ఉండవచ్చు. ఈ విషయంలో నీ దారం, గుండు నమ్మదగినవి.

నీ కొలతను పరీక్షిద్దాం. మీటరు లోలకానికి మన ఊళ్లో 20 డోలనాలకు పట్టవలసిన కాలం 40.17 సెకన్లు. నీకు వచ్చింది 40.2. అంటే సెకనులో ముప్పై వెయ్యోవంతుల తేడా, స్టాప్‌వాచి నొక్కే వేలికి అది చాలా మంచి పని. అదే 40.1 వచ్చి ఉంటే జవాబు 9.82 అయ్యేది. పదోవంతు సెకను తేడాకు జవాబు 0.05 కదులుతుంది. అందుకే 20 డోలనాలతో రెండో దశాంశం మీద పట్టుదల పనికిరాదు. రికార్డులో 9.77 అని రాసి, పక్కన 'కాలంలో 0.1 సెకను అనిశ్చితి వల్ల 0.05 వరకు తేడా ఉండవచ్చు' అని రాయి. ఈ వాక్యం చూసిన పరీక్షకుడు నీకు మార్కు తగ్గించడు. తగ్గిస్తే, నువ్వు దిద్దలేదన్న సంగతి నీకు తెలుసు, నాకూ తెలుసు. ఒక హెచ్చరిక: లోలకం లెక్కలో పొడవును సెంటీమీటర్లలో పెట్టి 977 వచ్చాక దాని పక్కన మీటర్లని రాసేవాళ్లను ప్రతి ఏడూ చూశాను. ఆ ఒక్క అక్షరంతో భూమి వంద రెట్లు బలంగా లాగుతున్నట్టు అవుతుంది.

మరోసారి చేసే అవకాశం ఉంటే ఇలా చేయి. దారం పొడవును గుండు కొక్కెం దాకా కాకుండా గుండు మధ్యదాకా కొలువు. ఇక్కడ ఒక సెంటీమీటరు తప్పితే జవాబు 0.1 తప్పుతుంది. దారాన్ని పక్కకు ఎక్కువ లాగకు, నాలుగైదు డిగ్రీలు చాలు. పంకా ఆపేయి. గుండు అటు చివర ఉన్నప్పుడు కాకుండా మధ్యగీతను దాటే క్షణంలో వాచి నొక్కు, అక్కడ దాని వేగం ఎక్కువ కాబట్టి క్షణం స్పష్టంగా తెలుస్తుంది. ఆ మొదటి దాటుడును సున్నా అని లెక్కించు, ఒకటి అని మొదలుపెడితే ఒక డోలనం తప్పిపోతుంది. 20 బదులు 50 డోలనాలు లెక్కపెట్టు. నీకు 100.4 సెకన్ల దగ్గర ఏదో రావాలి, అప్పుడు పదోవంతు సెకను పొరపాటుకు జవాబు 0.02 మాత్రమే కదులుతుంది. అయిదు సార్లు చేసి, అయిదు అంకెలనూ వచ్చినవి వచ్చినట్టు ఇక్కడ రాయి, కలిసి చూద్దాం.